నాలుగు చాలన్నారు

వాలంటీర్లు కలిసి తయారుచేసే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్. దాని 13వ వెర్షన్ 2025 ఆగస్టు 9న విడుదలైంది. అందులో 69,830 ప్యాకేజీలు, 146 కోట్ల పైచిలుకు సోర్స్ కోడ్ లైన్లు ఉన్నాయి. ఇదంతా 7 రకాల ప్రాసెసర్ల మీద నడిచేలా తయారుచేసి ఇచ్చారు. 2023లో వచ్చిన డెబియన్ 12లో ఈ లెక్క 9. మిప్స్ తరహావి రెండూ వెళ్లిపోయాయి. పాత 32 బిట్ పీసీల కోసం ఉండే ఐ386కు ఇప్పుడు ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ లేదు. 64 బిట్ మెషీన్ల మీద పాత ప్రోగ్రాములు నడుపుకోవడానికి ప్యాకేజీలు మాత్రం ఉంచారు. కొత్తగా వచ్చింది ఒక్కటే, రిస్క్-ఫైవ్. ఆ ఒక్కటి కూడా ఎందుకు, అమ్ముడుపోయే కంప్యూటర్లలో దాని వాటా ఎంతని, అనేవాళ్లున్నారు.

ఈ రకాలనే ఆర్కిటెక్చర్లంటారు. ఆర్కిటెక్చర్ అంటే ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాల పట్టిక. ఇంటెల్, ఏఎండీ చిప్పులకు తెలిసిన ఆదేశాలు ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్పులకు తెలియవు. అందుకే ఒకే సోర్స్ కోడ్‌ను ఒక్కో రకానికీ విడివిడిగా కంపైల్ చేయాలి. అన్నీ కలిపి డెబియన్ 13 ఆక్రమించే చోటు 403 జీబీ. బజార్లో దొరికే ఒక టెరాబైట్ డిస్కులో సగం కూడా నిండదు. కాబట్టి ఖర్చు డిస్కుది కాదు.

ఖర్చు కాలానిది. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ ముందు ‘అన్‌స్టేబుల్’లో చేరుతుంది. కొన్నాళ్లాగి, పెద్ద లోపాలేవీ బయటపడకపోతే ‘టెస్టింగ్’లోకి వెళుతుంది. అయితే విడుదల జాబితాలో ఉన్న ప్రతి ఆర్కిటెక్చర్ మీదా అది బిల్డ్ అయి ఉండాలి. ఒక్కదాని మీద ఆగినా అందరికీ ఆగినట్టే. చివరి చుట్టం ఎక్కేదాకా పెళ్లి బస్సు కదలదు కదా, అలాగన్నమాట.

ఆ చివరి చుట్టం ఎంత ఆలస్యం చేస్తాడో ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక లైబ్రరీ మారితే దాని మీద ఆధారపడిన 100 ప్యాకేజీలను మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చిందనుకోండి. మామూలు సర్వర్ మీద ఒక్కోదానికి అరగంట చొప్పున 50 గంటలు పడుతుంది. కొత్త ఆర్కిటెక్చర్ బోర్డు అయిదు రెట్లు నెమ్మది అనుకుంటే 250 గంటలు, అంటే పది రోజుల పైమాట. మిగతావాటితో సమానంగా నడవాలంటే ఒక బోర్డు చోట అయిదు కావాలి. వాటికి కరెంటు, నెట్, పాడైతే చూసే మనిషి. అసలు కొరత ఆ మనిషిదే. కంపైలర్‌లో ఆ ఒక్క ఆర్కిటెక్చర్ మీదే కనిపించే లోపాన్ని పట్టుకోగలవాళ్లు ప్రపంచం మొత్తం మీద వెతికినా గుప్పెడు మందే.

ఈ బాధ భరించలేకే 2005 మార్చిలో డెబియన్ విడుదల నిర్వాహకులు, ఆర్కైవ్ చూసేవాళ్లు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని ఒక ప్రతిపాదన తెచ్చారు. అప్పటికి విడుదలకు సిద్ధమవుతున్న డెబియన్ 3.1లో 11 ఆర్కిటెక్చర్లున్నాయి. ఆ తర్వాతి విడుదలకు నాలుగు చాలన్నారు: ఐ386, పవర్‌పీసీ, ఐఏ64, ఆ 11లో లేని ఏఎండీ64. మిగతావి పక్కన వేరే చోట తమ పాట్లు తాము పడాలి. లోపలికి రావాలంటే కొన్ని షరతులు: మార్కెట్లో కొత్తగా కొనడానికి దొరకాలి, కనీసం 50 మంది వాడుకదార్లుండాలి, అయిదుగురు డెవలపర్లు సంతకం పెట్టి అడగాలి, వచ్చే ప్యాకేజీలన్నిటినీ రెండు బిల్డ్ మెషీన్లతో తట్టుకోగలగాలి.

పెద్ద గొడవైంది. ప్రతిపాదన యథాతథంగా అమలు కాలేదు. 2007 ఏప్రిల్‌లో డెబియన్ 4.0 మళ్లీ 11తోనే వచ్చింది. ఎం68కే వెళ్లి ఏఎండీ64 చేరింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ జాబితాను ఇప్పటి జాబితా పక్కన పెట్టి చూడండి. ఉంచమన్న నాలుగింటిలో నిక్కచ్చిగా మిగిలింది ఏఎండీ64 ఒక్కటే. ఐఏ64 డెబియన్ 8 నాటికే, పవర్‌పీసీ డెబియన్ 9 నాటికి వెళ్లిపోయాయి. పవర్‌పీసీ వారసుడు పీపీసీ64ఈఎల్‌ను కూడా కలుపుకుంటే రెండు. అవతల పెట్టమన్న ఎనిమిదింటిలో ఆర్మ్, ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఎస్390 ఉన్నాయి. ఇవాళ్టి ఏడింటిలో నాలుగు ఆ రెండు కుటుంబాలవే: ఆర్మ్64, ఆర్మ్‌హెచ్‌ఎఫ్, ఆర్మ్‌ఈఎల్, ఎస్390ఎక్స్. ఆ సమావేశంలో కూర్చున్నవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు, జోస్యం చెప్పబోయినవాళ్లూ కాదు. అప్పటికి ఎవరు ఏం వాడుతున్నారో చూసి తేల్చారు. వాడకాన్ని బట్టి వేసిన లెక్క రెండు దశాబ్దాలకు ఎంత దూరంగా పోయిందో చూడమనే నేననేది.

ఐఏ64, అంటే ఇంటెల్ ఇటానియం, ఈ కథలో మరీ విచిత్రం. 2001లో భవిష్యత్తంతా నాదేనంటూ వచ్చింది. డెబియన్ 2002 నాటికే దాన్ని అధికారికంగా చేర్చుకుంది. ఏఎండీ64 చిప్పులు 2003లో మార్కెట్లోకి వచ్చినా అధికారిక హోదా దక్కడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది. మొదటిది 2021లో తయారీదారు గిడ్డంగి నుంచి చివరిసారి బయటికొచ్చింది. 2024 జనవరిలో వచ్చిన 6.7తో లినక్స్ కెర్నల్ కూడా దాన్ని తీసేసింది. రెండోది బహుశా మీ ఆఫీసు బల్ల మీద ఉంది.

అందుకని వచ్చిన ప్రతిదాన్నీ చేర్చుకోమనడం లేదు. గుమ్మం దగ్గర అడగాల్సింది గెలుస్తావా అని కాదు, నీ బరువు మోసే మనుషులూ మెషీన్లూ ఇవాళ ఉన్నారా అని. రిస్క్-ఫైవ్‌ను డెబియన్ అలాగే చేర్చుకుంది. ఈ ఆర్కిటెక్చర్ 2010లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. వాడుకోవడానికి ఎవరికీ లైసెన్సు రుసుము కట్టనక్కర్లేదు. 2018 జనవరిలో కెర్నల్ 4.15లో చేరింది. అదే ఏడు డెబియన్ దాన్ని అనధికారిక పోర్టుల్లో పెట్టింది. అసలు ఆర్కైవ్‌లోకి 2023 జులైలో తీసుకుంది, విడుదల 2025లో. అంటే గుమ్మం బయటే అయిదేళ్లు. ఈలోగా గో భాష 2020లో, ఓపెన్‌జేడీకే 2022లో దానికి మద్దతు తెచ్చాయి. అవి లేకుండా వేలకొద్దీ ప్యాకేజీలు బిల్డే కావు.

సమర్థకులు తరచూ ఒక మాట చెబుతారు: ఆర్కిటెక్చర్లు ఎక్కువైతే దాగున్న బగ్‌లు బయటపడతాయని. నిజమే. సీ భాషలో చార్ రకం ఇంటెల్ మీద రుణసంఖ్యలను కూడా పట్టుకుంటుంది, ఆర్మ్ లినక్స్ మీద పట్టుకోదు. ఫైలు అయిపోయిందని చెప్పే -1ను అజాగ్రత్తగా చార్‌లో దాచుకుంటే ఆర్మ్ మీద అది 255 అయిపోతుంది, లూప్ ఎప్పటికీ ఆగదు. కానీ ఈ తరహా బగ్‌లను ఆర్మ్ ఎప్పుడో పట్టించింది. బైట్ల వరుస తిరగేసి ఉండే ఎస్390ఎక్స్ ఇంకో రకాన్ని పట్టిస్తోంది. రిస్క్-ఫైవ్ 64 బిట్, బైట్ల వరుస ఇంటెల్ లాంటిదే, చార్ ఆర్మ్ లాంటిదే. ఈ వాదనకు అది కొత్తగా చేర్చేది తక్కువ. దాని పక్షాన చెప్పడానికి ఇంతకన్నా గట్టి కారణాలున్నాయి.

మన దేశానికి సంబంధించిన కారణం ఒకటి. ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసే బాస్ లినక్స్‌కు ఆధారం డెబియనే. అదే సీడాక్ రిస్క్-ఫైవ్ మీద వేగ ప్రాసెసర్లు రూపొందించింది. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లదీ అదే ఆర్కిటెక్చర్. 2022లో కేంద్రం మొదలుపెట్టిన డీఐఆర్-వీ కార్యక్రమం ధ్యేయం కూడా రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లే. డెబియన్ రిస్క్-ఫైవ్‌ను వదిలేస్తే ఇక్కడివాళ్లు అన్ని వేల ప్యాకేజీలనూ సొంతంగా మోసుకోవాలి.

డెబియన్ ఆధారంగానే ఒక కంపెనీ తయారుచేసే ఉబుంటు మరో దారి పట్టింది. రిస్క్-ఫైవ్‌లో వెక్టర్ ఆదేశాలను తప్పనిసరి చేసే ఆర్‌వీఏ23 ప్రమాణం 2024 అక్టోబర్లో ఖరారైంది. 2025 అక్టోబర్లో వచ్చిన ఉబుంటు 25.10, ఆ ప్రమాణాన్ని అందుకోని ప్రాసెసర్ల మీద నడవదు. అప్పటికి జనం చేతిలో ఉన్న బోర్డులు దాదాపు అన్నీ అలా అందుకోనివే! ఉదాహరణకు విజన్‌ఫైవ్ 2 బోర్డు కొన్నవాళ్లు పాత ఉబుంటు 24.04 దగ్గరే ఉండాలి. కొత్తది చూడాలంటే క్వెము ఎమ్యులేటర్ దిక్కు. రాబోయే సర్వర్ చిప్పుల మీద అది వ్యాపార పందెం. కంపెనీ గనక వేయగలిగింది.

డెబియన్ కనీస అర్హత ఇప్పటికీ వెక్టర్ అడగని పాత ఆర్‌వీ64జీసీయే. దాన్నీ పైకి లేపమనే ఒత్తిడి వచ్చి తీరుతుంది. అప్పుడు, ఏళ్ల తరబడి సొంత డబ్బుతో బోర్డులు కొని ఈ పోర్టును నిలబెట్టినవాళ్లే ముందు బయట పడతారు. అంత తొందర అక్కర్లేదని నా అభిప్రాయం. ఈ ప్రాసెసర్‌కు ఏమేం తెలుసో ప్రోగ్రాము నడిచేటప్పుడే అడిగే వీలు కెర్నల్ 6.4 నుంచి ఉంది. వెక్టర్ అవసరమైన లైబ్రరీలు ఆ జవాబు చూసి దారి ఎంచుకోవచ్చు. మిగతా వేల ప్యాకేజీలు పాత బోర్డుల మీద ఉన్నట్టే నడుస్తాయి.