బహుసంపాదకుల సుదీర్ఘ పత్రాల్లో రూపరక్షణ: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత పరిశోధనల నేపథ్యం

వ్యాస సంగ్రహం:
పలువురు కలిసి దిద్దే సుదీర్ఘ వర్డ్ పత్రాల్లో ఫార్మాటింగ్ చెదరడం సాధారణంగా అలంకార సమస్యగానే పరిగణన పొందుతోంది. తెలుగు పరిశోధనలో, ముఖ్యంగా శాసనపాఠాలు, రెండు లిపులు, పాత ఫాంటులు కలిసే చోట, ఇది పాఠ ప్రామాణికతకు సంబంధించిన సమస్య. అర్థభేదాన్ని అక్షరంలోనూ, రూపభేదాన్ని స్టైల్‌లోనూ నిలిపిన తరువాతే పత్రానికి తాళం వేయడం ఫలిస్తుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఫార్మాటింగ్, స్టైల్, యూనికోడ్, అను ఫాంటులు, శాసనపాఠం, సంకలనం.

1. ఉపోద్ఘాతం

సిద్ధాంత గ్రంథం గానీ, సదస్సు వ్యాసాల సంకలనం గానీ నేడు ఒక్కరి చేతిలో పూర్తికావడం అరుదు. పరిశోధకుడు రాసిన ప్రతి టైపు చేసేవారికి, అక్కడి నుంచి పర్యవేక్షకునికి, ఆపై సంపాదకవర్గానికి చేరుతుంది. ప్రతి చేతిలోనూ ఫైలు కొంత మారుతుంది. మాటల్లో జరిగిన మార్పును చదువరి గుర్తించగలడు. రూపంలో జరిగిన మార్పు మాత్రం చివరి దశలో, ముద్రణకో విశ్వవిద్యాలయానికో సమర్పించే వేళ బయటపడుతుంది. శోధగంగ వంటి భాండాగారంలో చేరిన సిద్ధాంత గ్రంథంలోని లోపం తరువాతి పరిశోధకుల ఉల్లేఖనాల్లోకీ పాకుతుంది. కనుక రూపరక్షణను టైపు పనిగా కాక పరిశోధన విధానంలో ఒక భాగంగా చూడవలసి ఉంది.

2. ప్రాంతం, పాఠం, రూపం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి అనువైన క్షేత్రం. 1565 నాటి యుద్ధానంతరం విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. హిందూపురానికి చేరువలోని లేపాక్షి వీరభద్రాలయంలో విజయనగర కాలపు శాసనాలున్నాయి. కర్ణాటక సరిహద్దును ఆనుకొన్న ఈ సీమలో కన్నడ, తెలుగు శాసనాలు రెండూ లభిస్తాయి. దక్షిణ భారత శాసనాల గ్రంథమాలలో 9వ సంపుటం మద్రాసు ప్రెసిడెన్సీలోని కన్నడ శాసనాలకు, 1972లో వెలువడిన 16వ సంపుటం విజయనగర రాజవంశపు తెలుగు శాసనాలకు సంబంధించినవి. ఈ ప్రాంత చరిత్రపై పనిచేసేవారికి రెండూ అవసరమే. ధర్మవరం పట్టునేతపై జరిగే అధ్యయనాల్లో పట్టికలు, కొలతలు, నేతవృత్తి పదజాలం అధికం.

ఈ మూడు పట్టణాల అధ్యాపకులు ముగ్గురు ఒక ప్రాంతీయ చరిత్ర సంపుటిని సిద్ధం చేస్తున్నారని ఊహించవచ్చు. ఒకరు శాసనాలు, ఒకరు కోట చరిత్ర, ఒకరు నేతవృత్తి రాస్తారు. శాసనాల అధ్యాయంలో రూపమే సాక్ష్యం. శిలపై చెదిరిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో చూపడం, సంపాదకుడు పూరించినదానికి నక్షత్రపు గుర్తు చేర్చడం, పంక్తుల సంఖ్యలు ఇవ్వడం శాసన సంపాదనలో స్థిరపడిన పద్ధతులు. వీటికి బదులు సందేహాస్పదమైన అక్షరాలను ఎరుపు రంగుతోనో వాలు అక్షరాలతోనో చూపితే ప్రమాదం మొదలవుతుంది. మరొకరు ఆ పాఠాన్ని ఫార్మాటింగ్ లేకుండా అతికించిన క్షణంలో రంగు పోతుంది, వాలు పోతుంది, అక్షరం మాత్రం మిగులుతుంది. అప్పుడు ఊహించిన పాఠం శిలపై స్పష్టంగా ఉన్న పాఠంగా మారిపోతుంది. బ్రాకెట్టు కూడా ఒక అక్షరమే గనుక ఎన్ని చేతులు మారినా నిలుస్తుంది. అర్థభేదాన్ని సూచించే ప్రతి గుర్తూ అక్షరరూపంలోనే ఉండాలన్నది ఇందులోని మొదటి సూత్రం.

3. ఫాంటే అక్షరమైన చోట

యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉంది. అయినా డి.టి.పి. కేంద్రాల్లో అను ఫాంటులతో టైపు చేయించే అలవాటు దీర్ఘకాలం సాగింది. అను ఫాంటుల్లో తెలుగు అక్షరానికి స్వతంత్రమైన సంకేతం ఉండదు. రోమన్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ఆకృతులు అమరి ఉంటాయి. ఫాంటు పేరు తొలగిస్తే తెరపై మిగిలేది అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. అంటే ఇక్కడ ఫాంటు అలంకారం కాదు, అదే అక్షరం.

సంకలనంలో దీని పర్యవసానం తీవ్రమైనది. అతికించేటప్పుడు ‘కీప్ టెక్స్ట్ ఓన్లీ’ ఎంచుకోవడం యూనికోడ్ పత్రానికి మంచి అలవాటు, అను పత్రానికి వినాశకరం. ఫాంటును తిరిగి ఇస్తే తెలుగు తిరిగి వస్తుంది గానీ, మధ్యలో ఉన్న ఆంగ్ల గ్రంథనామాలు కూడా తెలుగు ఆకృతులుగా మారిపోతాయి. ఏది తెలుగు, ఏది ఆంగ్లం అనే సరిహద్దు ఫాంటులో తప్ప మరెక్కడా నమోదై ఉండదు గనుక ఫైలు దానిని తిరిగి చెప్పలేదు. వాక్యం మొదటి రోమన్ అక్షరాన్ని పెద్దదిగా మార్చే ఆటోకరెక్ట్ సదుపాయం సైతం అను పాఠంలో ఒక తెలుగు ఆకృతిని మరొకటిగా మార్చే అవకాశం ఉంది.

అందువల్ల అధ్యాయాలను కలపడానికి ముందే, ప్రతి రచయితా తన భాగాన్ని యూనికోడ్‌లోకి మార్పిడి చేసి సరిచూడాలి. ఒత్తులు, శకటరేఫం, అంకెలు, బ్రాకెట్లు, తెలుగు నడుమ వచ్చే ఆంగ్ల పదాలు – వీటిని మూలప్రతితో ఒక్కొక్కటిగా పోల్చడం అవసరం. కలిపిన తరువాత మార్పిడి చేస్తే తప్పు ఎక్కడ పుట్టిందో తేల్చడం కష్టం.

4. ఒక స్టైల్, రెండు ఫాంటులు

యూనికోడ్‌లోకి వచ్చినంత మాత్రాన చిక్కు తీరదు. వర్డ్ తెలుగును సంక్లిష్ట లిపిగా పరిగణిస్తుంది. ప్రతి స్టైల్‌లోనూ రోమన్ అక్షరాలకు ఒక ఫాంటు, సంక్లిష్ట లిపులకు మరొక ఫాంటు వేరువేరుగా నమోదవుతాయి. అక్షర పరిమాణం, బొద్దుతనం కూడా రెండింటికీ విడివిడిగానే ఉంటాయి. ‘మోడిఫై స్టైల్’లో ఒక భాగాన్ని మాత్రమే మార్చినవారికి ఆంగ్లం మారి తెలుగు మారకపోవడం వింతగా తోస్తుంది. కారణం ఇదే. లిబ్రే ఆఫీస్ సైతం ఈ విభజనను పాటిస్తుంది.

తెలుగు, కన్నడ కలిసే అధ్యాయంలో మరొక మెలిక ఉంది. యూనికోడ్‌లో ఈ రెండు లిపులకూ 128 స్థానాల చొప్పున వేరువేరు విభాగాలున్నాయి. స్టైల్‌లో సంక్లిష్ట లిపుల గడి మాత్రం ఒక్కటే. అక్కడ గౌతమి ఫాంటును పేర్కొంటే అందులో కన్నడ ఆకృతులు లేవు గనుక వర్డ్ తనకు తోచిన ఫాంటును తెచ్చుకుంటుంది. ఒక్కో కంప్యూటరులో ఒక్కో ఫాంటు రావచ్చు. అప్పుడు పంక్తుల నిడివి, పుటల సంఖ్య మారుతాయి. దీనికి రెండు మార్గాలున్నాయి. నిర్మల యూఐ వలె రెండు లిపులూ ఉన్న ఫాంటును వాడవచ్చు. లేదా ‘కన్నడ పాఠం’ అనే పేరుతో ప్రత్యేక అక్షర స్టైల్‌ను ఏర్పరచి, దానికి కన్నడ ఫాంటును కేటాయించవచ్చు. లైసెన్సు అనుమతించే ఫాంటులను ఫైలులోనే పొదగడం అదనపు రక్షణ.

5. రూపం ఫైలులో ఎక్కడ నిలుస్తుంది?

ధర్మవరం పట్టుచీర నేతలో జకార్డు అట్టలు నమూనాను మోస్తాయి. నేసే చేయి మారినా అంచు మారదు. పత్రంలో స్టైల్ చేసే పని అదే. ఉపశీర్షికను ఎంపికచేసి బొద్దుగా, పెద్దగా మార్చడం నేరుగా వేసిన రంగు వంటిది. ఆ పేరాకు ‘హెడింగ్ 2’ స్టైల్ ఇవ్వడం నమూనాను అప్పగించడం. వేరొక పత్రంలో అతికించినప్పుడు ‘యూజ్ డెస్టినేషన్ స్టైల్స్’ ఎంచుకుంటే, ఒకే పేరుగల స్టైల్స్ విషయంలో గమ్యపత్రంలోని నిర్వచనమే చెల్లుతుంది. కనుక ముగ్గురు రచయితలూ ఒకే పేర్లు వాడితే, ముఖ్య ప్రతి మూడు అధ్యాయాలనూ ఒకే రూపంలోకి తెస్తుంది.

పేరా అమరిక ఆ పేరా చివరి గుర్తులో ఉంటుంది. ఆ గుర్తును చెరిపితే రెండు పేరాలు కలిసి, ఒకదాని అమరిక పోతుంది. పుట పరిమాణం, అంచులు, పుటశీర్షికలు విభాగ విరామంలో ఉంటాయి. నేతవృత్తి అధ్యాయంలో అడ్డపుటపై అమర్చిన పట్టిక తరువాతి విరామాన్ని ఎవరైనా చెరిపితే, ఆ పట్టిక తన తరువాతి విభాగపు నిలువు పుటను స్వీకరిస్తుంది. దిద్దేటప్పుడు ఈ దాగిన గుర్తులను తెరపై కనబడేలా ఉంచుకోవడం మంచిది.

రెండు సదుపాయాల విషయంలో జాగ్రత్త అవసరం. స్టైల్‌లో ‘ఆటోమేటికల్లీ అప్‌డేట్’ ఎంచుకొని ఉంటే, ఒక శీర్షికను చేతితో మార్చగానే అదే స్టైల్‌లోని శీర్షికలన్నీ మారుతాయి. ‘ఆటోమేటికల్లీ అప్‌డేట్ డాక్యుమెంట్ స్టైల్స్’ ఎంచుకొని ఉంటే, పత్రం తెరిచిన ప్రతిసారీ జతచేసిన టెంప్లేట్‌లోని నిర్వచనాలు పత్రంలోకి వస్తాయి. ఆ టెంప్లేట్ ఒక్కో కంప్యూటరులో ఒక్కో విధంగా ఉంటే రూపమూ మారుతుంది. సంకలనంలో రెండింటినీ తొలగించి ఉంచడం క్షేమం.

6. తాళం, దాని పరిమితి

వర్డ్‌లోని ‘రివ్యూ’ పట్టీలో ‘రెస్ట్రిక్ట్ ఎడిటింగ్’ అనే సదుపాయం ఉంది. దాని మొదటి భాగం ఫార్మాటింగ్‌ను ఎంపికచేసిన స్టైల్స్‌కు పరిమితం చేస్తుంది. అప్పుడు బొద్దు, వాలు వంటి బటన్లు పనిచేయవు. రెండవ భాగం దిద్దుబాట్లన్నీ నమోదయ్యేలా ట్రాక్డ్ ఛేంజెస్‌కు మాత్రమే అనుమతి ఇవ్వగలదు. సంకేతపదం పెడితే ఇతరులు సులభంగా ఈ నిబంధనలను తొలగించలేరు.

అయితే ఈ తాళం తప్పు స్టైల్ ఎంపికను ఆపలేదు. శాసనపాఠానికి ఉల్లేఖన స్టైల్ ఇచ్చినా అది అంగీకరిస్తుంది. మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు నిషేధం అదేవిధంగా అమలవుతుందని నమ్మరాదు. ఇది గోప్యతారక్షణ కూడా కాదు. స్టైల్స్ లేని పత్రానికి వేస్తే కాపాడవలసిందేదో దానికి తెలియదు. పైగా తాళం వేసేటప్పుడు, అనుమతి లేని స్టైల్స్‌ను తొలగించాలా అని వర్డ్ అడుగుతుంది. అను పాఠం మిగిలి ఉన్న పత్రంలో ఆ ప్రశ్నకు తొందరపడి అంగీకారం తెలిపితే నష్టం వాటిల్లవచ్చు. అందువల్ల ప్రతిని వేరుగా భద్రపరచిన తరువాతే ఈ పని చేయాలి.

7. సంకలన క్రమం

పై అంశాల ఆధారంగా పని ఈ క్రమంలో సాగడం ఉచితం.

అ) ముఖ్య సంపాదకుడు ఒక టెంప్లేట్ సిద్ధం చేసి శీర్షికలు, ప్రధాన పాఠం, ఉల్లేఖనం, శాసనపాఠం, కన్నడ పాఠం, పట్టిక, పాదసూచిక స్టైల్స్‌ను నిర్ణయించాలి. వాటి వాడుకను ఒక పుటలో ఉదాహరణలతో ఇవ్వాలి.
ఆ) రచయితలు యూనికోడ్ మార్పిడి ముగించి, మూలంతో సరిచూసి, ఆ టెంప్లేట్‌లో తమ అధ్యాయాన్ని అమర్చాలి. పంక్తులను ఖాళీలతో కాక ట్యాబ్ స్థానాలతో, సంఖ్యలను చేతితో కాక శీర్షికలకు జోడించిన జాబితాతో ఇవ్వాలి.
ఇ) ఈ దశలో తాళం వేసి, ఒక అధ్యాయం ఒక సమయంలో ఒక్కరి చేతిలోనే ఉండేలా ప్రతులను పంపాలి.
ఈ) మార్పులను ఆమోదించిన తరువాత ముఖ్య సంపాదకుడు ఒక్కరే అధ్యాయాలను ముఖ్య ప్రతిలో చేర్చాలి.
ఉ) చివరగా స్టైల్ ఇన్‌స్పెక్టర్‌తో నేరు ఫార్మాటింగ్ అవశేషాలను వెతికి, పీడీఎఫ్‌ను శాసన మూలపాఠంతో పంక్తి పంక్తిగా పోల్చాలి.

8. ముగింపు

సాఫ్ట్‌వేర్ ఇచ్చే నిషేధం చివరి మెట్టు మాత్రమే. దానికి ముందు మూడు నిర్ణయాలు సంపాదకవర్గానివే: అక్షరం యూనికోడ్‌లో ఉండాలి, అర్థాన్ని మోసే గుర్తు అక్షరంగా ఉండాలి, రూపం పేరున్న స్టైల్‌లో ఉండాలి. ఈ మూడూ కుదిరిన పత్రంలో ఫార్మాటింగ్ చెదిరినా తిరిగి నిలబెట్టడం సులభం. కుదరని పత్రంలో పోయినదేమిటో తెలుసుకోవడమే అసాధ్యం. లేపాక్షి శిలపై ఒక అక్షరం చెదిరితే పరిశోధకుడు ఆ చెదిరిన చోటును చూపగలడు. ఫైలులో చెదిరిన అక్షరం అటువంటి ఆనవాలు మిగల్చదు.