ఇంటి సోలార్ మీరే బిగిస్తున్నారా? వాట్స్ కంటే ముందు వోల్టేజ్ చూడండి

ఫోన్ కొనేటప్పుడు స్పెక్ షీట్ మొత్తం జల్లెడ పడతాం. అదే సోలార్ ప్యానెల్ అయితే "ఎన్ని వాట్స్, ఎంత రేటు" దగ్గరే ఆగిపోతున్నాం. మా దర్శిలో డాబా మీద సొంతంగా ప్యానెల్స్ పెట్టాలనుకునే ఫ్రెండ్స్ నాకు చూపించే లిస్టుల్లో అసలు ప్రాబ్లమ్ ఇక్కడే ఉంటోంది.

ముందుగా ఒక క్లారిటీ. గ్రిడ్‌కి కలిపే సిస్టమ్ డీఐవై పని కాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్‌లో 3 కిలోవాట్లకి రూ.78,000 సబ్సిడీ ఉంది కానీ, రిజిస్టర్డ్ వెండర్‌తోనే పెట్టించుకోవాలి. పైగా బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే వాళ్ల సేఫ్టీ కోసమే అలా డిజైన్ చేశారు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా బ్యాటరీతో నడిచే ఆఫ్-గ్రిడ్ సెటప్ గురించే.

ఇప్పుడు అసలు లెక్క. 540 వాట్స్ ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, అంటే వీఓసీ, చాలా మోడల్స్‌లో 49.5 వోల్టుల దగ్గర ఉంటుంది. మూడింటిని సిరీస్‌లో కలిపితే 148.5. మీ ఎంపీపీటీ కంట్రోలర్ లిమిట్ 150. సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ ఆ 49.5 అనేది 25 డిగ్రీల దగ్గర కొలిచిన నంబర్. చలి పెరిగితే వోల్టేజ్ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. జనవరిలో పొద్దున్నే ప్యానెల్ 18 డిగ్రీల దగ్గర ఉందనుకోండి, మొత్తం 151 దాటుతుంది. వాట్స్ కాస్త ఎక్కువైతే మంచి కంట్రోలర్ తనకి కావాల్సినంతే తీసుకుంటుంది. వోల్టేజ్ దాటితే మాత్రం లోపల మాస్‌ఫెట్లు కాలిపోతాయి. మన దగ్గర సమ్మర్‌లో టెస్ట్ చేసి "అంతా ఓకే" అనుకున్న సెటప్ చలికాలంలో పోవడానికి ఇదే కారణం. రెండేసి సిరీస్‌లో పెట్టి, ఆ జతల్ని ప్యారలల్ చేయడం బెటర్. అప్పుడు కరెంట్ లిమిట్ కూడా చెక్ చేయండి.

ఎండ ఎక్కువుంటే పవర్ ఎక్కువ అనుకోవడం ఇంకో భ్రమ. ప్యానెల్ 65 డిగ్రీలకి వేడెక్కితే 12 నుంచి 14 శాతం దాకా పవర్ తగ్గుతుంది. అందుకే రేకులకి అతికించేయకుండా కింద గాలి ఆడనివ్వాలి. దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు మనకి చాలు. వాటర్ ట్యాంక్ నీడ పడకుండా చూసుకోండి, చిన్న నీడే అయినా స్ట్రింగ్ మొత్తాన్ని దెబ్బతీస్తుంది.

ఇంట్లో మిగిలిన మామూలు ఏసీ ఎంసీబీని ప్యానెల్ వైపు వాడొద్దు, ప్లీజ్. ఏసీ కరెంట్ సెకనుకి 100 సార్లు జీరోకి వస్తుంది కాబట్టి ఆర్క్ ఆరిపోతుంది. డీసీలో ఆ జీరో లేదు, మంట అలాగే సాగుతుంది. లోడ్ నడుస్తుండగా ఎంసీ4 కనెక్టర్ లాగకూడదన్నది కూడా ఇందుకే.

ఇంకొకటి, ప్యానెల్‌కి ఆఫ్ బటన్ ఉండదు. వెలుతురు పడితే చాలు, వైర్లలో వోల్టేజ్ ఉన్నట్టే. పని చేసేటప్పుడు దుప్పటి కప్పండి. కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్. తీసేటప్పుడు రివర్స్. చివరి ప్లగ్ పెట్టే ముందు దుప్పటి తీసి, మల్టీమీటర్‌తో వోల్టేజ్, ప్లస్ మైనస్ చూసుకుని, మళ్లీ కప్పి అప్పుడు కలపండి.