ఎయిర్ రైఫిల్: పట్టు బిగిస్తే గురి ఎందుకు తప్పుతుంది?

బుడగలు పేల్చే స్టాలు దగ్గర తుపాకీ అందుకున్న కుర్రాడికి పక్కనున్న స్నేహితుడు ఇచ్చే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: “భుజానికి గట్టిగా నొక్కిపట్టరా, కదలనివ్వకు.” బుడగ మూడు నాలుగు మీటర్ల దూరంలోనే ఉంటుంది, అరచేతికంటే పెద్దగా ఉంటుంది కాబట్టి పేలుతుంది. పేరు మాత్రం సలహాకు దక్కుతుంది. అదే తుపాకీతో 25 మీటర్ల దూరాన కాగితం పెట్టి కాలిస్తే ఆ సలహా బండారం బయటపడుతుంది.

స్ప్రింగు, పిస్టన్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్‌ను కదలకుండా ఆపడం మనిషి తరం కాదు. ప్రతిసారీ ఒకేలా కదలనివ్వడం మాత్రం మన చేతుల్లో ఉంది. ఎందుకో లెక్క కట్టి చూద్దాం.

బ్యారెల్‌ను మడిచినప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకుపోయి, పిస్టన్ వెనక్కి వచ్చి ఒక కొక్కేనికి చిక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే ఆ కొక్కెం వదులుతుంది. పిస్టన్ ముందుకు దూసుకెళ్లి సిలిండర్‌లోని గాలిని నొక్కుతుంది. ఆ గాలి పెల్లెట్‌ను తోస్తుంది. పిస్టన్ దాదాపు తన దారి చివరికి చేరాకే పెల్లెట్ కదలడం మొదలవుతుంది. గమనించాల్సిన సంగతి ఇదే: తుపాకీలోని అత్యంత బరువైన కదిలే భాగం తన ప్రయాణం దాదాపు ముగించేదాకా పెల్లెట్ ఇంకా బ్యారెల్ మొదట్లోనే కూర్చుని ఉంటుంది.

ఒక మధ్యరకం రైఫిల్ తీసుకుందాం. మొత్తం బరువు 3.5 కిలోలు, అందులో పిస్టన్ 250 గ్రాములు. పిస్టన్ లోపల 90 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. బయటి నుంచి ఎవరూ పట్టుకోకపోతే తుపాకీ ఎంత వెనక్కి జరగాలి? 90ని 250తో గుణించి 3,500తో భాగించండి. సుమారు 6.4 మిల్లీమీటర్లు వస్తుంది. స్ప్రింగు బరువునూ కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది. ఇప్పుడు పెల్లెట్ లెక్క. అర గ్రాము పెల్లెట్ 450 మిల్లీమీటర్ల బ్యారెల్ దాటడం వల్ల తుపాకీ వెనక్కి జరిగేది 0.06 మిల్లీమీటర్లే. అంటే గురిని చెడగొట్టే కదలికలో పిస్టన్ వాటా పెల్లెట్ వాటాకు దాదాపు వంద రెట్లు.

అది కూడా ఒకే దిశలో ఉండదు. పిస్టన్ వేగం అందుకుంటున్నంతసేపూ తుపాకీ వెనక్కి వెళుతుంది. చివర్లో గాలి దిండుకు తగిలి పిస్టన్ ఆగేటప్పుడు తుపాకీ ముందుకు గుంజుతుంది. మందుగుండు తుపాకీ వెనక్కే తన్నుతుంది, ఇది రెండు వైపులా తంతుంది. పెద్ద రైఫిళ్ల కోసం తయారైన ఖరీదైన స్కోపులు కొన్ని ఎయిర్ రైఫిల్ మీద పెట్టగానే పాడైపోవడానికి కారణం ఈ ముందుకు గుంజుడే. వాటి అద్దాలను వెనక్కి వచ్చే దెబ్బ తట్టుకునేలా మాత్రమే బిగించి ఉంటారు.

ఇదంతా ఎంతసేపట్లో? కొక్కెం వదిలినప్పటి నుంచి పెల్లెట్ బ్యారెల్ దాటేదాకా సెకనులో వందో వంతుకు కాస్త అటూ ఇటూ, అంటే 10 నుంచి 15 మిల్లీసెకన్లు. ఒంటికి ఏదైనా తగిలిందని గ్రహించి కండరం స్పందించడానికి మనిషికి కనీసం 150 మిల్లీసెకన్లు పడుతుంది. కుదుపు మొదలయ్యాక చేత్తో సరిదిద్దుకుంటామనుకోవడం భ్రమ. ట్రిగ్గర్ లాగే క్షణానికి మీ చెయ్యి, భుజం, చెంప ఎక్కడెక్కడ ఎంత ఒత్తుతున్నాయో ఆ ఏర్పాటుతోనే పెల్లెట్ బయటికి వెళుతుంది.

గట్టి పట్టు చేసే చెడు అక్కడే. పిస్టన్ తోపు బ్యారెల్ గీత వెంట పనిచేస్తుంది, భుజం ఆనే చోటు సాధారణంగా ఆ గీతకు కిందుగా ఉంటుంది. వెనక్కి వచ్చే తుపాకీకి భుజం గోడలా అడ్డుపడితే బ్యారెల్ మూతి పైకి లేస్తుంది. ముందు చెయ్యి గట్టిగా బిగిస్తే ఆ లేపు మరో వైపుకు మళ్లుతుంది. బిగింపు ప్రతిసారీ ఒక్కలాగే ఉంటే ఇబ్బంది లేదు, సైటు సర్దుకుంటే సరిపోతుంది. కానీ గట్టిగా పట్టుకున్న చెయ్యి రెండుసార్లు ఒకే బలంతో పట్టుకోదు. పదో దెబ్బకు కండరం అలసిపోయి ఉంటుంది. తేలిక పట్టులో బలమే తక్కువ కాబట్టి తేడా కూడా తక్కువ.

ఆ తేడా కాగితం మీద ఎంత కనిపిస్తుందో చూడండి. భుజానికి ఆనే బట్ నుంచి మూతి దాకా ఒక మీటరు అనుకుంటే, మూతి అర మిల్లీమీటరు ఎక్కువ లేచిందంటే 10 మీటర్ల దగ్గర 5 మిల్లీమీటర్లు, 25 మీటర్ల దగ్గర 12.5, 50 మీటర్ల దగ్గర 25 మిల్లీమీటర్ల తేడా. ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు కాబట్టి అంచు తాకినా 10 ఇస్తారు. అంటే పెల్లెట్ మధ్య బిందువు నడిబొడ్డు నుంచి 2.5 మిల్లీమీటర్లు జరగొచ్చు. మూతి దగ్గర అది పావు మిల్లీమీటరు.

మరి పోటీల్లో ఒకప్పుడు స్ప్రింగు రైఫిళ్లతోనే కాల్చేవాళ్లు కదా? ఆ చిక్కును జర్మన్ ఇంజినీర్లు చేతికి వదల్లేదు. ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ 300ఎస్ రైఫిల్‌లో ట్రిగ్గర్ లాగగానే బ్యారెల్, సిలిండర్ కలిసి చెక్క స్టాక్‌లోని పట్టాల మీద వెనక్కి జారతాయి. భుజానికి ఆనిన చెక్క నిలబడే ఉంటుంది. ఆ కొద్ది మిల్లీమీటర్లు స్వేచ్ఛగా జరగనిచ్చి, ఆ కదలికను షూటర్ ఒంటి నుంచి విడదీశారన్నమాట. డయానా కంపెనీ గిస్ పద్ధతిలో రెండు పిస్టన్లు ఎదురెదురు దిశల్లో కదులుతాయి. ఒకటి గాలిని నొక్కడానికి, రెండోది మొదటిదాని కుదుపును రద్దు చేయడానికి. ఇప్పుడు అగ్రశ్రేణి పోటీల్లో వాడేవన్నీ ముందే గాలి నింపిన సిలిండర్ రైఫిళ్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ 701.1 స్కోరుతో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. అలాంటి తుపాకీలో బరువైన పిస్టన్ లేదు, కాబట్టి గట్టిగా, నిలకడగా పట్టుకోవచ్చు. పోటీ షూటర్ తోలు జాకెట్ వేసుకుని బిగించి పట్టుకోవడం టీవీలో చూసి, ఇంట్లో స్ప్రింగు రైఫిల్‌ను అలాగే పట్టుకోవడం వల్లే చాలామంది దెబ్బతింటారు.

పట్టాలు లేని మామూలు స్ప్రింగు రైఫిల్‌తో ఆ పట్టాల పని మన చేత్తోనే చేయించుకోవాలి. దీనికి అమెరికా ఎయిర్‌గన్ రచయిత టామ్ గేలార్డ్ ప్రచారంలోకి తెచ్చిన పేరు ‘ఆర్టిలరీ హోల్డ్’. ఫిరంగి గొట్టం తన బండి మీద వెనక్కి జారినట్టు తుపాకీని జారనివ్వడం అన్నమాట. ముందు అరచెయ్యి తెరిచి ఉంచి, దాని మీద తుపాకీని ఊరికే పెట్టాలి, వేళ్లు చుట్టకూడదు. వెనక చెయ్యి పిడిని తాకుతూ ఉంటే చాలు, బొటనవేలు పైకి చుట్టకపోయినా ఫరవాలేదు. బట్ భుజానికి ఆనాలి గానీ గుచ్చుకోకూడదు. చెంప కూడా అంతే. ట్రిగ్గర్ లాగాక తల ఎత్తకుండా పెల్లెట్ కాగితాన్ని తాకేదాకా సైటులోంచే చూడాలి. బల్ల మీద, గోడ మీద నేరుగా చెక్క ఆనిస్తే తుపాకీ ఎగిరిపడి దెబ్బలు అడ్డదిడ్డంగా పోతాయి. మధ్యలో అరచెయ్యి ఉండాల్సిందే.

ముందు చెయ్యి ఎక్కడ ఉండాలన్నది మాత్రం ఏ పుస్తకమూ ముందుగా చెప్పలేదు. కొన్ని రైఫిళ్లకు ట్రిగ్గర్ గార్డుకు దగ్గరగా నప్పుతుంది, కొన్నింటికి ముందుకు వెళ్లాలి. గార్డు దగ్గర మొదలుపెట్టి రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ చూసుకోవాలి, దొరికిన చోట చెక్క మీద చిన్న టేపు ముక్క అంటించుకోవాలి. కింద లీవర్ ఉండే బరువైన రైఫిళ్లు, బ్యారెల్ మడవని రకాలు కాస్త గట్టి పట్టునూ సహిస్తాయి. తేలికైన, శక్తి ఎక్కువైన బ్రేక్ బ్యారెల్ రైఫిళ్లు సహించవు. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్లు గానీ, 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్ గానీ దాటితే లైసెన్సు కావాలి. ఆ గీతకు దగ్గరగా ఉన్నదే మేలని కొత్తవాళ్లు శక్తి కోసం ఎగబడతారు. జర్మనీలో లైసెన్సు లేకుండా అమ్మే రైఫిళ్ల పరిమితి 7.5 జౌళ్లు. కాగితానికి అంత శక్తి సరిపోతుంది, మొదటిసారి కొనేవాళ్లు తక్కువ శక్తిదే తీసుకోవాలని నా అభిప్రాయం.

పట్టు మార్చి చూసేవాళ్లు పడే ఉచ్చు ఒకటుంది. ఒక పట్టుతో 5 దెబ్బలు, ఇంకో పట్టుతో 5 దెబ్బలు కాల్చి, మొదటిదాని చిల్లుల గుంపు వెడల్పు 26 మిల్లీమీటర్లు, రెండోదానిది 20 వచ్చిందని తీర్పు చెప్పేస్తారు. ఏమీ మార్చకుండా కాల్చినా 5 దెబ్బల గుంపు వెడల్పు నాలుగో వంతు అటూ ఇటూ ఊగుతుంది. 26కీ 20కీ తేడా యాదృచ్ఛికం కావచ్చు. ఇక 3 దెబ్బల గుంపైతే ఫొటో తీసుకోవడానికే పనికొస్తుంది: అదే తుపాకీతో 10 దెబ్బల గుంపు సగటున దానికి 1.6 రెట్లు ఉంటుంది. ఒక్కో పట్టుకు 10 దెబ్బల గుంపులు మూడైనా కాల్చి సగటు తీసుకుంటేనే మాట్లాడొచ్చు.

పట్టుతోపాటు వాలు కూడా చూసుకోవాలి. సెకనుకు 250 మీటర్లతో బయల్దేరిన పెల్లెట్ 25 మీటర్లు చేరేలోపు దాదాపు 57 మిల్లీమీటర్లు కిందికి పడుతుంది, దాన్ని సర్దడానికే సైటు ఎత్తుతాం. తుపాకీ 5 డిగ్రీలు పక్కకు ఒరిగితే ఆ సర్దుబాటులోంచి 5 మిల్లీమీటర్లు అడ్డంగా వెళ్లిపోతాయి.

స్కోపు మార్చాలనో, తుపాకీ అమ్మేయాలనో అనిపించినప్పుడు ముందు స్టాక్ స్క్రూలు బిగించి చూడండి, అవి కుదుపుకు తరచూ వదులవుతాయి. తర్వాత ఒకే డబ్బా పెల్లెట్లతో, వెనక మట్టిగోడ లాంటి భద్రమైన అడ్డు ఉన్న చోట, గట్టి పట్టుతో 30, తేలిక పట్టుతో 30 దెబ్బలు కాల్చి కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. ఖర్చు 60 పెల్లెట్లే.