నగరాల గాలిలో పాదరసం: కొలిచే విధానం, పాటించవలసిన జాగ్రత్తలు

నగరాలలో వాయు కాలుష్యమనగానే వాహనాల పొగ, రహదారుల ధూళి స్ఫురించుట సహజం. అయితే రంగు గాని, వాసన గాని లేకుండా గాలిలో కలిసి ఉండే పాదరసపు ఆవిరి కూడా ప్రజారోగ్యానికి ప్రమాదకరమైనదే. ఊపిరి ద్వారా శరీరంలో చేరిన ఈ ఆవిరి నాడీమండలానికి, మూత్రపిండాలకు హాని కలిగిస్తుంది. గర్భస్థ శిశువులకు, చిన్న పిల్లలకు ముప్పు మరింత ఎక్కువ.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాలలో 12 కాలుష్య కారకాలు చోటు చేసుకున్నవి. సీసం, ఆర్సెనిక్, నికెల్ ఆ జాబితాలో ఉన్నప్పటికీ పాదరసం లేదు. కావున ఒక నగరపు వాయు నాణ్యతా సూచీ సంతృప్తికరంగా ఉన్నంత మాత్రాన అక్కడి గాలిలో పాదరసం లేదని భావించరాదు. దానిని ప్రత్యేకంగా కొలిచినప్పుడే వాస్తవం తెలియగలదు.

గాలిలోనికి చేరే మార్గాలు

ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2018లో వెలువరించిన అంచనా ప్రకారం 2015 సంవత్సరంలో మానవ కార్యకలాపాల వలన సుమారు 2,220 టన్నుల పాదరసం గాలిలో కలిసినది. ఇందులో చిన్న తరహా బంగారు గనుల వాటా సుమారు 38 శాతం కాగా, బొగ్గును మండించుట వలన వెలువడినది సుమారు 21 శాతం. సిమెంటు కర్మాగారాలు, లోహాలను కరిగించే పరిశ్రమలు, పగిలిన ట్యూబ్ లైట్లు, థర్మామీటర్లు కూడా ఇందుకు కారణమవుతున్నవి. గాలిలోని పాదరసం క్రమేణా జలాశయాలలో చేరి, సూక్ష్మజీవుల చర్య వలన మిథైల్ పాదరసంగా మారి చేపలలో పేరుకొంటుంది.

కొలిచే విధానం

ఉత్తరార్ధ గోళంలోని పరిశుభ్ర ప్రాంతాలలో ఘనపు మీటరు గాలిలో సుమారు 1.5 నానోగ్రాముల పాదరసం ఉంటుంది. నానోగ్రాము అనగా గ్రాములో వంద కోట్లవ భాగం. ఇంత స్వల్ప పరిమాణాన్ని నేరుగా గుర్తించుట కష్టం కనుక ముందుగా దానిని ఒకచోట చేర్చవలసి ఉంటుంది. ఇందుకు స్వర్ణకారులకు తరతరాలుగా తెలిసిన గుణమే ఆధారం: పాదరసం బంగారాన్ని అంటిపెట్టుకొంటుంది.

పంపు ద్వారా నిర్ణీత పరిమాణంలో గాలిని లాగి, ధూళిని వడపోసి, బంగారు పూత గల గొట్టం గుండా పంపుతారు. అందులో చిక్కిన పాదరసాన్ని వేడిచేసి ఆవిరిగా మార్చి, దానిపై 253.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తారు. ఆవిరి ఎంత కాంతిని గ్రహించినదో, లేదా తిరిగి వెలువరించినదో దానిని బట్టి పరిమాణం లెక్కిస్తారు. వడపోతలో మిగిలిన ధూళిని విడిగా పరీక్షిస్తారు. ఉష్ణోగ్రత, గాలి దిశను బట్టి విలువలు మారుతుంటాయి గనుక ఒక్కసారి కొలిచి నిర్ధారణకు రారాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరంలో ఐరోపా కొరకు వెలువరించిన మార్గదర్శకాలలో పాదరసపు ఆవిరికి సూచించిన 1 మైక్రోగ్రాము పరిమితి కూడా వార్షిక సగటే.

కొడైకెనాల్ అనుభవం

పరికరాలు లేని చోట చెట్లపై పెరిగే లైకెన్లు, నాచు కూడా సాక్ష్యమిస్తాయి. ఇవి తమకు కావలసిన తేమను, పోషకాలను గాలి నుండే గ్రహిస్తాయి. తమిళనాడులోని కొడైకెనాల్‌లో 2001లో మూతపడిన థర్మామీటర్ల కర్మాగార పరిసరాలలో భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన హైదరాబాదు ప్రయోగశాల శాస్త్రవేత్తలు వీటిని పరీక్షించి, 2003లో ఫలితాలను ప్రచురించారు. దూర ప్రాంతాల నమూనాల కంటే పట్టణంలోని నమూనాలలో పాదరసం అధికంగా ఉన్నట్లు తేలినది. కర్మాగారపు గోడలు కాలుష్యాన్ని ఆపలేవని దీనివలన స్పష్టమైనది.

నియంత్రణ చర్యలు

కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగకు పాదరస పరిమితిని ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాములుగా నిర్ణయించినది. 2013లో ఆమోదం పొందిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 2018లో ధ్రువీకరించినది.

ప్రజలు పాటించవలసిన జాగ్రత్తలు

20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద పాదరసపు ఆవిరితో పూర్తిగా నిండిన గాలిలో ఘనపు మీటరుకు సుమారు 13 మిల్లీగ్రాములు, అనగా పైన పేర్కొన్న పరిమితికి 13,000 రెట్లు ఉండగలదు. ఇంటిలో థర్మామీటరు పగిలినప్పుడు పిల్లలను, గర్భిణులను వెంటనే ఆ గది నుండి బయటకు పంపవలెను. కిటికీలు తెరచి ఉంచవలెను. చీపురుతో ఊడ్చుట, వాక్యూమ్ క్లీనరు వాడుట, చేతితో తాకుట, కాలువలో పారబోయుట తగదు. బొట్లను దళసరి కాగితంతో ప్రోగుచేసి, మూత గట్టిగా బిగించిన సీసాలో భద్రపరచి, ప్రమాదకర వ్యర్థాలను స్వీకరించే కేంద్రానికి అందజేయవలెను. గాలిని కొలిచే పని శాస్త్రవేత్తలది కాగా, ఆ గాలిలో పాదరసం చేరకుండా చూచుటలో ప్రతి కుటుంబానికీ, ప్రతి ఆసుపత్రికీ బాధ్యత గలదు.