ముండ్లపొద నీడ

షెకెములో జరిగింది కూడా ఒక ఎన్నికే. అబీమెలెకు మొదట తన తల్లి బంధువులను ఊరివారి దగ్గరకు పంపి మద్దతు కూడగట్టాడు. గుడి సొమ్ము 70 తులాల వెండితో అల్లరిమూకను కూలికి తెచ్చుకున్నాడు. పోటీ రాగల 70 మంది సోదరులను ఒక్క రాతిమీద చంపాడు. ఆ తర్వాతే ప్రజలు కూడివచ్చి అతణ్ణి రాజును చేశారు. ఎదురాడే నోరు లేదు గనుక అది ఏకగ్రీవమే!

తప్పించుకున్న చిన్న తమ్ముడు యోతాము కొండెక్కి ఒక కథ చెప్పాడు (న్యాయాధిపతులు 9). చెట్లు తమకొక రాజు కావాలనుకున్నాయి. ఒలీవ, అంజూరం, ద్రాక్ష ఎవరి పని వారికుందని తప్పుకున్నాయి. చివరికి ముండ్లపొద ఒప్పుకుంది. తన నీడకు రాకపోతే నిప్పు పెడతానంది.

మన దేశమూ ఆ నీడను చూసింది. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకంతో ఎమర్జెన్సీ వచ్చింది. మంత్రివర్గం ఆమోదం మర్నాడు ఉదయం తీసుకున్నారు. ప్రతిపక్ష నాయకులు జైళ్లపాలయ్యారు, పత్రికల నోరు కట్టేశారు. 1977 మార్చి 16 నుంచి 20 వరకు లోక్‌సభ ఎన్నికలు జరిగినప్పుడు ఎమర్జెన్సీ ఇంకా ఉంది. అది తొలగింది 21న. అయినా ఓటుపెట్టె దగ్గర మనిషిని చూసేది దేవుడొక్కడే. సాక్షాత్తూ ప్రధాని ఇందిరాగాంధీ రాయబరేలిలో ఓడిపోయారు.

మన రాష్ట్రంలో మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. నంద్యాలలో జనతా తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి ఒక్కరే. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి చేతిలో ఓడి, అనంతపురంలో సేద్యం చూసుకుంటున్న పెద్దాయన. నా పొలం నాకు చాలని ఆయన అక్కడే ఉండిపోలేదు. ఆ జూలైలో కాంగ్రెస్ సహా పార్టీలు ఒప్పుకోగా ఆయనే రాష్ట్రపతి అయ్యారు. అదీ ఏకగ్రీవమే. ఒకటి భయంతో వచ్చింది, ఇంకొకటి సమ్మతితో వచ్చింది. పేరొకటే గాని ఫలం వేరు.

భీమవరంలో ఆదివారం ఆరాధన ముగిశాక మేము మాట్లాడుకునే మాట ఒకటుంది: "రాజకీయాలు మనకెందుకండీ?" అధికారులకు లోబడమన్న రోమా 13 మనకు కంఠస్థం. మనుష్యులకన్నా దేవునికి లోబడాలన్న పేతురు జవాబు (అపొ.కా. 5) మాత్రం జ్ఞాపకం రాదు. ఎన్నికల ముందు రాత్రి గుమ్మంలోకి వచ్చిన నోటును కాదనలేం. షెకెము వెండి కూడా అలాంటిదే కదా!

పాలకుల కోసం ప్రార్థించడం మన విధి (1 తిమోతి 2). ప్రార్థించిన చేతితోనే నిర్భయంగా ఓటు వేద్దాం, నోటును తిరిగి ఇచ్చేద్దాం. మంచి చెట్లు తప్పుకున్న చోటే ముండ్లపొదకు కిరీటం దొరుకుతుంది. మూడేళ్లకే ఆ నిప్పు షెకెమును కాల్చింది, అబీమెలెకునూ మింగింది.