పళ్ళ వరుస – నోటి శుభ్రత

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ఎగుడుదిగుడు పళ్ళ మధ్య పాచి ఎందుకు నిలుస్తుందో వివరించగలుగుతారు;
• పళ్ళను వరుస చేయించుకుంటే ఏది సులువవుతుందో, ఏది కాదో చెప్పగలుగుతారు;
• చికిత్సకు ముందు కుటుంబం ఆలోచించుకోవలసిన విషయాలను గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

తిమ్మాజిపేట చుట్టుపక్కల పత్తి చేలల్లో గుంటుక తోలడం మీలో చాలామంది చూసే ఉంటారు. సాళ్ళు తిన్నగా ఉంటే గుంటుక సాఫీగా సాగి కలుపును పెకలిస్తుంది. సాలు వంకరపోయిన చోట మొక్క చాటున కలుపు మిగిలిపోతుంది. నోట్లో జరిగేదీ ఇదే. పళ్ళు సాళ్ళ వంటివి, బ్రష్ గుంటుక వంటిది, పాచి కలుపు వంటిది.

2. పాచి ఎక్కడ నిలుస్తుంది?

పాచి అంటే పళ్ళలో ఇరుక్కున్న మెతుకులు కాదు. అది పంటికి అంటుకొని పెరిగే సూక్ష్మజీవుల పలుచని పొర. తోముకున్న కొన్ని గంటలకే అది మళ్ళీ ఏర్పడడం మొదలవుతుంది. ఈ సూక్ష్మజీవులు తీపి, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పై పొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. పిప్పిపన్ను అలా మొదలవుతుంది. తొలగించని పాచి లాలాజలంలోని కాల్షియం లవణాలతో గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్‌తో పోదు, దంతవైద్యుల చేత తీయించుకోవాలి. పాచి నిలిచిన చోట చిగుళ్ళు వాచి, తోముకునేటప్పుడు రక్తం వస్తుంది.

నమిలే పంటికి ఐదు ముఖాలు ఉంటాయి: వెలుపలిది, లోపలిది, నమిలేది, పక్క పళ్ళను ఆనుకొని ఉండే రెండు. మొదటి మూడింటికి బ్రష్ అందుతుంది. మిగిలిన రెండింటికి ఫ్లాస్ అనే సన్నని దారమో, సందుల్లో దూరే చిన్న బ్రషో కావాలి. ఒక పన్ను మరొకదాని మీదికి ఎక్కితే, బ్రష్‌కు అందవలసిన ముఖం కూడా చాటుకు పోతుంది.

కింది దవడ ముందు పళ్ళు దీనికి మంచి ఉదాహరణ. ఇరుకు తరచుగా కనిపించేది అక్కడే. లాలాజల గ్రంథుల నాళాలు నాలుక కింద తెరుచుకుంటాయి కాబట్టి గార ఎక్కువగా పేరుకునేదీ అక్కడే. వేప పుల్లతో తోముకునేవారికి ఈ లోపలి వైపు అందడం మరీ కష్టం.

కృత్యం: తోముకున్న వెంటనే కింది ముందు పళ్ళ లోపలి వైపు నాలుక కొనతో తడిమి చూడండి. గరుకుగా తగిలే చోటు మీ బ్రష్ వదిలేస్తున్న చోటు.

3. వరుస చేస్తే ఏమవుతుంది?

మనం 'క్లిప్పులు వేయించుకోవడం' అనే చికిత్సను ఆర్థోడాంటిక్స్ అంటారు. తీగ ద్వారా పంటి మీద తేలికైన ఒత్తిడిని నిలకడగా ఉంచుతారు. ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, రెండో వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. అలా పన్ను మెల్లగా జరుగుతుంది. సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. పళ్ళు వరుసకు వచ్చాక చాటున ఉన్న ముఖాలు బయటపడతాయి. బ్రష్, దారం రెండూ తేలికగా అందుతాయి.

అయితే ఒక మాట మరవకండి. సాళ్ళు తిన్నగా ఉన్నంత మాత్రాన కలుపు దానంతటది పోదు. వరుసైన పళ్ళు కూడా తోమకపోతే పుచ్చిపోతాయి. శ్రద్ధగా తోముకుంటే వంకర పళ్ళ చిగుళ్ళూ ఆరోగ్యంగా ఉంటాయి. ఈ చికిత్స శుభ్రం చేసుకునే శ్రమను తగ్గిస్తుంది, ఆ పనిని మాత్రం తప్పించదు.

4. చికిత్స కాలంలో జాగ్రత్త

క్లిప్పులు ఉన్నన్నాళ్ళూ శుభ్రత మరింత కష్టం. తీగ కింద పాచి నిలిచి, క్లిప్పుల చుట్టూ తెల్లని మచ్చలు పడవచ్చు. ఎనామిల్ ఖనిజం కోల్పోతోందనడానికి అవి గుర్తు. అందుకే తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. ఫ్లోరైడ్ పేస్టుతో తీగకు పైన, కింద తోముకోవాలి. సకినాలు, పల్లీపట్టి వంటి గట్టి పదార్థాలు క్లిప్పులను ఊడగొడతాయి.

నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. తిమ్మాజిపేట నుంచి మహబూబ్‌నగర్‌కో హైదరాబాద్‌కో వెళ్ళాలంటే బస్సు ఖర్చుతో పాటు ఒక రోజు కూలీ కూడా పోతుంది. పాలమూరు నుంచి పనుల కోసం నెలల తరబడి వలసపోయే కుటుంబాల సంగతి మీకు తెలిసిందే. చికిత్సను మధ్యలో వదిలేస్తే తీగలు నోట్లోనే ఉండిపోతాయి, పాచి పెరుగుతుంది. అందుచేత మొదలుపెట్టకముందే ఈ రెండేళ్ళూ క్రమంగా వెళ్ళగలమా అని ఆలోచించుకోండి. పిప్పిపళ్ళు, చిగుళ్ళ వాపు ఉంటే ముందు వాటిని నయం చేయించండి. క్లిప్పులు తీశాక పళ్ళు పాత చోటికి జరగకుండా రిటైనర్ వాడవలసి ఉంటుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

చికిత్స వీలుకాకపోతే దిగులు పడవలసిన పని లేదు. చిన్న తల ఉన్న మెత్తని బ్రష్ తీసుకొని, కింది ముందు పళ్ళ లోపలి వైపు నిలువుగా పట్టి, ఒక్కొక్క పంటినీ విడిగా తోముకోండి.

5. సారాంశం

వంకర పళ్ళు రోగం కాదు. వాటి చాటున నిలిచే పాచి రోగానికి దారి తీస్తుంది. వరుస చేయించుకుంటే ఆ చాటు తొలగుతుంది. పాచి తీయవలసింది మాత్రం రోజూ మన చేయే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాచి గారగా ఎలా మారుతుంది?
2. కింది ముందు పళ్ళ లోపలి వైపు గార ఎక్కువగా ఎందుకు పేరుకుంటుంది?
3. మీకు తెలిసిన ఒక కుటుంబం తమ బిడ్డకు క్లిప్పులు వేయించాలనుకుంటోంది. మీరు వారిని అడిగే మూడు ప్రశ్నలు రాయండి.