నిజాము పేరు మోసిన యుద్ధవిమానము

ఇత్తడి బిందెలపైనను కంచు చెంబులపైనను పేర్లు చెక్కించు వాడుక మన యిండ్లలో కలదు. పెండ్లినాడు మేనమామ యిచ్చిన పళ్లెరము అంచున అతని పేరును, సంవత్సరమును ఉండును. ఇచ్చినవారు గతించి, పుచ్చుకొన్నవారు ముసలివారైనను, ఆ నాలుగక్షరములు చూడగనే ఆ పళ్లెరము ఏ శుభకార్యమునాటిదో తెలియును. అట్టి అక్షరములే ఒక యుద్ధవిమానమును నూఱేండ్లకు పైగా మన హైదరాబాదుతో ముడివేసినవి. ఆ విమానము కథయు, అట్టివానిని గుర్తుపట్టి కాపాడు విధమును ఈ మాసమున ముచ్చటింతును.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను బ్రిటిషువారికి ధనసహాయము చేసెను. ఆ ధనముతో 110వ స్క్వాడ్రను అను విమానదళమునకు విమానములు సమకూర్చిరి. అందుచే దానికి హైదరాబాదు స్క్వాడ్రనని పేరు వచ్చెను. ప్రతి విమానముపైనను అది నిజాము ప్రభువు బహూకరణమని వ్రాసిరి. అవి డి.హెచ్.9ఏ అను జాతివి. ఇద్దఱు కూర్చుండి బాంబులు కొనిపోవునవి. అమెరికాలో రూపొందిన 400 గుఱ్ఱపుశక్తి గల లిబర్టీ యంత్రము వానిని నడపెను. ఒడలు కొయ్యది, రెక్కలపై బిగించినది నారబట్ట. ఆనాటి కర్మాగారములలో ఆ బట్టను కత్తిరించి కుట్టినవారిలో అనేకులు స్త్రీలే.

1918 సెప్టెంబరు తొలిదినములలో ఈ దళము ఫ్రాన్సు చేరెను. అక్టోబరు 5వ తేదీన జర్మనీపై దాడికి పోయిన ఎఫ్1010 అను సంఖ్యగల విమానము తిరిగి రాలేదు. అది శత్రువులకు చిక్కెను; అందలి యిద్దఱును బందీలైరి. జర్మనులు దానిని నాశనము చేయక విజయచిహ్నముగా దాచుకొనిరి. అటుపిమ్మట బెర్లినులో 1936లో తెరచిన విమాన ప్రదర్శనశాలలో నుంచిరి. రెండవ యుద్ధమున ఆ శాల బాంబులకు గుఱియయ్యెను. అందలి కొన్ని విమానములను తూర్పుగా పోలెండునకు తరలించిరి. యుద్ధానంతరము అవి క్రాకోవు నగరపు ప్రదర్శనశాల పాలయ్యెను. 1977లో ఆంగ్లేయులు ఒక స్పిట్‌ఫైరు విమానమును మారకమిచ్చి ఎఫ్1010ను తెచ్చుకొనిరి. అప్పటికి దానికి రెక్కలు లేవు. కొత్త రెక్కలు నిర్మించి, లండనులోని హెండను ప్రాంతమున గల రాయల్ ఎయిర్‌ఫోర్సు ప్రదర్శనశాలలో నిలిపిరి.

ఇన్ని చేతులు మాఱిన విమానమును గుర్తుపట్టుట యెట్లు? మొదట రూపము చూడవలయును. డి.హెచ్.9, డి.హెచ్.9ఏ అనునవి అక్కచెల్లెండ్రవలె నుండును. అయినను చెల్లెలికి ముక్కుచివర మోటారుబండికి వలె పెద్ద రేడియేటరు కలదు. అక్కకు ముక్కు మొనతేలియుండి, రేడియేటరు పొట్టక్రింద నుండును. అయితే రూపము జాతిని చెప్పునే కాని, ఆ జాతిలో ఇది యేదియో చెప్పదు. అది చెప్పునది సంఖ్య. తోకవైపు వ్రాసిన సంఖ్యను, భాగములపై కొట్టిన ముద్రలను, పాతరంగు పొరలను పరిశీలించి, ఆనాటి లెక్కపుస్తకములతోను ఛాయాచిత్రములతోను సరిపోల్చుదురు. ఒక్క సాక్ష్యముతో తృప్తిపడరాదు. ఏలయన మరల రంగు వేయునపుడు వేఱు సంఖ్య వ్రాయుటయు కలదు. మన హనుమకొండ వేయిస్తంభముల గుడికడ 1163 నాటి శాసనము నిలిచియుండబట్టియే కదా కాకతి రుద్రదేవుని కీర్తిని నేటికిని చదువుకొనుచున్నాము! విమానముపై సంఖ్యయు అట్టి శాసనమే. అందముకొఱకు దానిని గీకివేసినచో మిగులునది బొమ్మ మాత్రమే.

బాగుచేయుటలోను నిజాయితీ వలయును. బికనేరు కోటలోని పాత ఏనుగుసాలలో డి.హెచ్.9 విమానముల శిథిలములు దొరకెను. కొయ్యను చెదలు తినివేసెను. ఇంగ్లండునకు కొనిపోయి ఎంతయో కొత్త కొయ్య చేర్చవలసివచ్చెను. అందొకటి 2019లో మరల ఆకాశమున కెగసెను. ఏది పాతది, ఏది కొత్తది అను వివరము వ్రాసియుంచినపుడే అట్టి పని చూచువారిని మోసగింపదు.

లండను దూరమనువారు విశాఖపట్టణము పోవచ్చును. 1988 నుండి 2017 వఱకు నౌకాదళమున సేవచేసిన టి.యు.142 విమానమును సముద్రపుటొడ్డున ప్రదర్శనశాలగా నుంచినారు. 30,000 గంటలు ప్రమాదము లేక ఎగిరినదని దానికి ఖ్యాతి. దానిని విప్పి, భాగములుగా రోడ్డుపై తెచ్చి, మరల కూర్చిరి. ఉప్పుగాలి లోహమును నిత్యము కొఱుకుచుండును. కావున అచ్చట కడుగుట, రంగు వేయుట ఎన్నటికిని ముగియని సేవ.

అయినను ఒక విషయము మఱువరాదు. ఎఫ్1010పై దాత పేరు నిలిచెను. ఓరుగల్లు సుబాలోను ఇతర సుబాలలోను శిస్తు కట్టి రాజ్యపు బొక్కసము నింపిన రైతుల పేర్లు నిలువలేదు. బట్ట కుట్టిన స్త్రీల పేర్లును లేవు. ఆ బాంబులు పడిన ఊళ్ల తల్లుల దుఃఖమును ఏ పలకపైనను వ్రాయలేదు. విమానమును కాపాడుట యుద్ధమును పొగడుట కాదు. ఇవన్నియు అడుగుటకు ఒక సాక్షిని బ్రతికించుకొనుట.

ఈ పనిలో మన పాలును కలదు. సైన్యమునందో విమానాశ్రయమునందో పనిచేసిన తాతల ఛాయాచిత్రములు, ఉత్తరములు మీ పెట్టెలలో నుండవచ్చును. పెద్దలు జీవించియుండగనే అడిగి, ప్రతి చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, స్థలము, సంవత్సరము వ్రాయుడు. చిత్రములో విమానమున్నచో దాని తోకపై సంఖ్యను విడువక చదివి వ్రాసికొనుడు. చెదలు తాకని చోట ఉంచుడు. రేపు దానిని చూచు మనుమరాలికి ఆ యొక్క పంక్తియే దారి చూపును.